అడ్డగాలిలో చిన్న విమానము దిగుట

కృష్ణలో నీటి వడి ఎక్కువగా ఉన్న దినములలో పడవవాడు ఎదుటి రేవుకు సూటిగా ముక్కుపెట్టి పడవ నడపడు. రేవుకంటె చాల ఎగువకు గురిపెట్టి తెడ్డు వేయును. కొత్తగా పడవ ఎక్కిన పిల్లవానికి ఇది తప్పుదారివలె తోచును. కాని పడవ పోయి ఆగునది రేవు మెట్ల దగ్గరనే. తెడ్డు పడవను ఏటవాలుగా ఎగువకు త్రోయుచుండగా ప్రవాహము దానిని దిగువకు ఈడ్చుచుండును. ఈ రెండు చలనములు కలసి పడవను సూటిగా రేవు చేర్చును.

విజయవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున గన్నవరము విమానాశ్రయములో దిగు విమానము చేయవలసిన పని కూడ ఇంచుమించు ఇదే. నదికి బదులు ఇక్కడ గాలి ప్రవహించును. ఆ ప్రవాహము కంటికి కనబడదు. పడవ రేవు చేరునప్పుడు దాని వేగము మనిషి నడకకు మించదు. చిన్న విమానమైనను గంటకు 100 కి.మీ.కు దగ్గరి వేగముతో నేలను తాకవలెను. పడవ కొంచెము వంకరగా వచ్చి మెట్లకు తగిలినచో ప్రయాణికులు తూలుదురు, అంతే. విమానము వంకరగా నేలను తాకినచో చక్రములు విరుగవచ్చును, రెక్క నేలకు కొట్టుకొనవచ్చును.

విమానమునకు తెలిసినది గాలియే

గాలిలో ఎగురు విమానమునకు రెండు వేగములు కలవు. చుట్టునున్న గాలిని బట్టి కొలుచునది గాలిలోని వేగము. క్రిందనున్న భూమిని బట్టి కొలుచునది నేలమీది వేగము. రెక్కలు విమానమును మోయుటకు కావలసినది మొదటిది. దిగిన తరువాత బ్రేకులు చంపవలసినది రెండవది. గాలి నిశ్చలముగా ఉన్నప్పుడు మాత్రమే ఈ రెండును సమానము.

దీనికి విమానచరిత్రలోని మొదటి ఉదాహరణయే మంచి ఉదాహరణ. 1903 డిసెంబరు 17న అమెరికాలోని కిటీ హాక్ ఇసుకనేలపై ఆర్విల్ రైట్ ఎగిరినప్పుడు గాలి గంటకు 32 నుండి 43 కి.మీ. వేగముతో ఎదురుగా వీచుచుండెను. విమానము 12 సెకండ్లలో 120 అడుగులు, అనగా సుమారు 37 మీటర్లు పోయెను. లెక్క కట్టినచో నేలమీది వేగము గంటకు 11 కి.మీ. మాత్రమే. సైకిలు త్రొక్కువాడు దానిని సులభముగా దాటిపోగలడు. కాని ఎదురుగాలిని కలిపి చూచినచో గాలిలో దాని వేగము గంటకు 43 నుండి 54 కి.మీ. విమానమును పైకి లేపినది ఈ వేగమే.

దిగునప్పుడు కూడ ఎదురుగాలి మిత్రుడు. సెస్నా 172 అను నాలుగు సీట్ల విమానమును తీసికొందము. 1955లో తొలిసారి ఎగిరిన ఈ రకము ప్రపంచమున అన్నిటికంటె ఎక్కువ సంఖ్యలో తయారైనది. శిక్షణకేంద్రములలో విరివిగా కనబడును. ఇది దిగుటకు వచ్చునప్పుడు గాలిలోని వేగము సుమారు 65 నాట్లు. ఒక నాట్ అనగా గంటకు 1.85 కి.మీ.; కావున ఇది గంటకు 120 కి.మీ. ఎదురుగాలి 10 నాట్లు ఉన్నచో నేలమీది వేగము 55 నాట్లు. అదే గాలి వెనుకనుండి వీచినచో 75 నాట్లు. తేడా 20 నాట్లే గదా అనిపించును. కాని చలనశక్తి వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును. 75 వర్గమును 55 వర్గముచే భాగించినచో 1.86 వచ్చును. అనగా వెనుకగాలిలో దిగిన చాలకుడు బ్రేకులతో అణచవలసిన శక్తి దాదాపు రెట్టింపు. అందుచేతనే విమానములు గాలికి ఎదురుగా దిగును.

గన్నవరము రన్‌వే, డెల్టా గాలులు

చిక్కు ఎక్కడ వచ్చుననగా గాలి దిశలు మార్చును, రన్‌వే మార్చదు. గన్నవరములోని రన్‌వే ఒక కొసన 08 అనియు రెండవ కొసన 26 అనియు అంకెలు ఉండును. దిక్సూచి డిగ్రీలలో చివరి సున్నను తీసివేయగా మిగిలిన అంకెలివి. తూర్పు 90 డిగ్రీలు గనుక 80 అనగా తూర్పునకు కొంచెము ఉత్తరముగా. 260 అనగా పడమరకు కొంచెము దక్షిణముగా. రెండవ ప్రపంచయుద్ధ కాలమున సైనికావసరములకు ఉపయోగపడిన ఈ మైదానము తరువాత పౌరవిమానాశ్రయమైనది. 2003 సెప్టెంబరులో హైదరాబాదు నుండి ప్రతిదిన సర్వీసు మొదలైనది. పెద్ద విమానములకై రన్‌వేను 2286 మీటర్ల నుండి 3360 మీటర్లకు పెంచిరి. పొడవు పెరిగినది కాని దిశ అదే. అడ్డగాలికి పొడవు మందు కాదు.

నైరుతి ఋతుపవనముల కాలమున గాలి పడమర, నైరుతి దిక్కులనుండి వీచును. అప్పుడు 26 కొసవైపు దిగు విమానమునకు అది చాలవరకు ఎదురుగాలియే. చలికాలపు ఈశాన్యపు గాలికి 08 అనుకూలము. తంటా వేసవిలో వచ్చును. ఏప్రిల్, మే నెలలలో నేల ఎండకు కాలిపోవును. బంగాళాఖాతము అంత త్వరగా వేడెక్కదు. నేలమీది వేడిగాలి తేలికయై పైకి పోగా సముద్రముపైనున్న చల్లని గాలి లోపలికి వచ్చును. ఇది మొదట బందరులో తగులును. గన్నవరము సముద్రమునకు సుమారు 60 కి.మీ. లోపల ఉండుటచే అక్కడకు వచ్చుసరికి ప్రొద్దు వాలును. పగలంతయు వడగాలికి వేగిన జనులు ఆరుబయట మంచములు వేసికొని ఎదురుచూచు పైరగాలి ఇది. ఇది దక్షిణము, ఆగ్నేయముల నుండి వచ్చును. తూర్పు పడమరలుగా పరచిన రన్‌వేకు ఇది ప్రక్కనుండి తగులును. మనుష్యులకు హాయి గొలుపు గాలియే విమానచాలకునికి పని కల్పించును.

ఎంత అడ్డగాలి? ఈ లెక్కను 10వ తరగతి విద్యార్థి చేయగలడు. గాలి 140 డిగ్రీల నుండి 20 నాట్లతో వీచుచున్నదనుకొందము. (గాలి దిశ చెప్పునప్పుడు అది ఏ దిక్కునుండి వచ్చుచున్నదో ఆ దిక్కునే చెప్పుదురు, పోవు దిక్కును కాదు. విద్యార్థులు తరచుగా పొరబడు చోటు ఇది.) రన్‌వే 80 డిగ్రీలు. మధ్యకోణము 60 డిగ్రీలు. ఎదురుగాలి భాగము 20ని కొసైన్ 60తో గుణించగా 10 నాట్లు. అడ్డగాలి భాగము 20ని సైన్ 60తో గుణించగా 17 నాట్లకు కొంచెము పైన. త్రికోణమితి రానివారు గ్రాఫుకాగితముపై 20 గళ్ల పొడవు గీతను 60 డిగ్రీల కోణమున గీసి, దాని కొసనుండి లంబము దింపి గళ్లు లెక్కపెట్టుకొనవచ్చును.

సెస్నా 172 పుస్తకములో 15 నాట్ల అడ్డగాలి వరకు పరీక్షించి చూపినట్లు వ్రాసి ఉండును. పైలెక్కలోని గాలి దానికి మించినది. 15 అనునది దాటిన మరుక్షణమే విమానము పడిపోవు గీత కాదు. పరీక్షించిన చాలకుడు అంతవరకు చేసి చూపెనని అర్థము. కాని అటువంటి ప్రతి విమానమునకును నిజమైన హద్దు ఒకటి ఎక్కడో కలదు. తోకమీది చుక్కానిని చివరివరకు త్రిప్పినను ముక్కు రన్‌వేకు తిన్నగా నిలువని స్థితి అది. ఆ హద్దును నేలకు మూడు మీటర్ల ఎత్తున కనుగొనుట తెలివైన పని కాదు. శిక్షణవిమానములు తెల్లవారుజామునే ఎగురుట ఎక్కువ. గాలి ఇంకను మేలుకొనని వేళ అది.

రన్‌వే ప్రక్కన స్తంభముపై వ్రేలాడు గుడ్డసంచి ఈ సంగతులన్నియు ఒక్క చూపులో చెప్పును. ఒక మూతి పెద్దది, ఒక మూతి చిన్నది. పొడవు 3.6 మీటర్లకు తగ్గదు. వాడుకలోనున్న ఒక రకము 15 నాట్ల గాలికి పూర్తిగా చాచుకొనును. సంచి సగము వ్రేలాడుచున్నదా, నిటారుగా సాగినదా, తోక కొట్టుకొనుచున్నదా అని చూచినచో గాలి దిశ, బలము, నిలుకడ తెలియును. ఎంత మంచి యంత్రమున్నను చాలకులు ఈ సంచిని చూడక దిగరు.

పీతనడక

ప్రక్కగాలి ఉన్నప్పుడు రన్‌వేకు సూటిగా ముక్కు పెట్టినచో విమానము గాలితోపాటు ప్రక్కకు కొట్టుకొనిపోవును. కావున చాలకుడు పడవవానివలె ముక్కును గాలివైపు కొంచెము త్రిప్పును. ముక్కు ఒకవైపు, ప్రయాణము ఒకవైపు. సముద్రపుటొడ్డున పీత నడక చూచినవారికి ఇది వింత కాదు. చాలకులు కూడ దీనికి పీత పేరే పెట్టిరి. అడ్డగాలి 10 నాట్లు, విమానవేగము 65 నాట్లు అయినచో త్రిప్పవలసిన కోణము సుమారు 9 డిగ్రీలు. 17 నాట్ల అడ్డగాలికి 15 డిగ్రీలు.

దీనిని తరగతిలో చూపవచ్చును. బల్లపై గుడ్డ పరచి, తాళమిచ్చిన బొమ్మకారును గుడ్డకు అడ్డముగా విడువవలెను. అదే సమయమున ఒక విద్యార్థి గుడ్డను మెల్లగా ప్రక్కకు లాగవలెను. కారు తన మట్టుకు తిన్నగానే పోవుచుండును. బల్లను బట్టి చూచినవారికి ఏటవాలుగా పోవును. కారు ముక్కును ఎంత త్రిప్పినచో బల్లపై తిన్నగా పోవునో రెండుమూడుసార్లు చేసి కనిపెట్టవచ్చును. గుడ్డయే గాలి, బల్లయే భూమి.

పీతనడకతో రన్‌వే వరకు రావచ్చును గాని ఆ నడకతోనే చక్రములు ఆనించరాదు. చక్రములు ముక్కు చూచుచున్న వైపునకు దొర్లగోరును. విమానము రన్‌వే వెంట పోవుచుండును. టైర్లు ప్రక్కకు ఈడ్వబడును, చక్రపుకాళ్లపై ప్రక్కబలము పడును. కావున నేలను తాకుటకు ముందు రెండు పనులు ఒక్కసారి చేయవలెను. కాలితో చుక్కానిని త్రొక్కి ముక్కును రన్‌వేకు తిన్నగా తేవలెను. తెచ్చిన వెంటనే గాలి మరల ప్రక్కకు త్రోయును గనుక గాలి వచ్చువైపు రెక్కను కొంచెము వంచవలెను. రెక్కలు పైకెత్తు బలము ఎప్పుడును రెక్కలకు లంబముగా ఉండును. రెక్క వంగినచో ఆ బలము కూడ వాలి, దానిలో ఒక చిన్న భాగము గాలికెదురుగా ప్రక్కకు లాగును. ఆ లాగు గాలి త్రోపునకు సరిపోయినచో విమానము తిన్నగా నిలుచును.

ఈ భంగిమలో విమానము నేలను తాకునప్పుడు ముందుగా ఆనునది గాలివైపు చక్రము ఒక్కటే. చూచువారికి భయము కలుగును. విమానము ఒంటికాలిపై దిగుచున్నట్లుండును. నిజమునకు అది సరియైన పద్ధతి. ఒక క్షణము తరువాత రెండవ చక్రము, ఆ తరువాత ముక్కుచక్రము ఆనును. మూడు చక్రములు ఆనిన తరువాత కూడ పని తీరలేదు. నిలువుగానున్న తోకపలకను గాలి త్రోయుటచే విమానము గాలిపుంజువలె ముక్కును గాలివైపు త్రిప్పజూచును. గాలివైపు రెక్క పైకి లేవజూచును. వేగము తగ్గిన కొలది రెక్క చివరనున్న మడతపలకల పట్టు సడలును. అందుచే చాలకుడు చేతిచక్రమును గాలివైపునకు అంతకంతకు ఎక్కువగా త్రిప్పి, విమానము నడకవేగమునకు వచ్చుసరికి పూర్తిగా త్రిప్పి ఉంచవలెను. చక్రములు తాకగానే దిగిపోతిమని ఊపిరి విడుచుట కొత్తవారి సామాన్యదోషము.

నిలకడలేని గాలి

ఇంతవరకు గాలి ఒకే వేగముతో వీచునని భావించితిమి. అట్టి గాలి పుస్తకములలో దొరకును. నిజమైన గాలి విసురులతో వచ్చును. రెక్క మోయు బలము గాలిలోని వేగము యొక్క వర్గమును బట్టి ఉండును. 65 నాట్లతో వచ్చుచున్న విమానమునకు ఎదురుగాలి హఠాత్తుగా 10 నాట్లు తగ్గినదనుకొందము. విమానము బరువైన వస్తువు గనుక జడత్వముచే దాని నేలమీది వేగము ఆ క్షణమున మారదు. గాలిలోని వేగము మాత్రము 55కు పడును. 55 వర్గమును 65 వర్గముచే భాగించగా 0.72. మోయు బలములో నూటికి 28 పాళ్లు ఒక్కసారిగా పోయినవి. ఎత్తున ఉన్నప్పుడు ఇది కుదుపు మాత్రమే. నేలకు 10 మీటర్ల పైన ఇది ప్రమాదము. అప్పుడు ముక్కును పైకెత్తి నిలుపబోయినచో గాలిప్రవాహము రెక్కపైభాగమును విడిచిపోవును, రెక్క మోయుట మానును. దీనినే స్టాల్ అందురు.

కావున విసురులు ఉన్న దినమున చాలకులు కొంత వేగము అదనముగా ఉంచుకొందురు. వాడుకలోనున్న సూత్రము సులభమైనది: సగటుగాలికి, విసురుకు గల తేడాలో సగము కలుపవలెను. గాలి 14 నాట్లు, విసురు 24 నాట్లు అయినచో తేడా 10, సగము 5, రావలసిన వేగము 70. అంతకు మించి కలుపుట మంచిది కాదు. 75 నాట్లతో వచ్చినచో రెక్క బరువుకంటె మూడోవంతు ఎక్కువ మోయగలదు. విమానము నేలను తాకక రన్‌వే పొడవునా తేలిపోవును, తేలుచున్నంతసేపు అడ్డగాలికి లోబడి ఉండును.

విసురులు లేని గాలిలో కూడ ఒక తగ్గుదల తప్పదు. నేల, చెట్లు, ఇండ్లు గాలిని రాచి నిదానింపజేయును. అందుచే పైన 20 నాట్లున్న గాలి నేలదగ్గర 10 నాట్లే ఉండవచ్చును. దిగుచున్న విమానము ఎదురుగాలిని మెల్లమెల్లగా పోగొట్టుకొనుచు వచ్చును. మామిడితోట వెనుకనో కొబ్బరితోట వెనుకనో గాలి సుడులు తిరుగును. పంటకాలువలో తూముదాటిన నీరు సుళ్లు తిరిగినట్లే ఇది.

అన్నిటికంటె క్రూరమైనది ఉరుములతో వచ్చు వేసవి గాలివాన. మేఘమునుండి చల్లని గాలి కుప్పగా నేలకు దిగి అన్నివైపులకు చిమ్మును. దాని గుండా దిగు విమానమునకు మొదట బలమైన ఎదురుగాలి తగులును. విమానము పైకి లేచును. చాలకుడు శక్తి తగ్గించును. కొన్ని సెకండ్లలో అదే గాలి వెనుకగాలిగా మారును. 1975 జూన్ 24న న్యూయార్కులోని కెనడీ విమానాశ్రయమున దిగబోవుచు ఒక బోయింగ్ 727 కూలిన తరువాత, టెట్సుయా ఫుజితా అను శాస్త్రజ్ఞుడు ఈ దిగుడుగాలిని గుర్తించి వివరించెను. అణుబాంబు పడిన తరువాత నాగసాకిలో చెట్లు పడిన తీరును ఆయన పూర్వము చూచియుండెను; గాలివాన తరువాత చెట్లు ఒక కేంద్రమునుండి అన్నివైపులకు పడియుండుట చూచి ఆ పోలికను పట్టెను. మచిలీపట్నములోని డాప్లర్ రాడారు వంటివి మేఘములోని గాలి కదలికలను దూరమునుండియే కొలువగలవు. కాని చిన్న విమానమునకు ఇందులో విద్య ఒక్కటే: అటువంటి మేఘము రన్‌వే దగ్గర ఉన్నప్పుడు దిగబోకుండుట.

దిగబోయి మానుకొనుట కూడ దిగుటలో భాగమే. ముక్కు తిన్నగా నిలువకున్నను, రన్‌వే నడిమిగీతను విడిచి ప్రక్కకు పోవుచున్నను, విసురుకు విమానము ఎగిరిపడినను, చాలకుడు పూర్తిశక్తి ఇచ్చి మరల పైకి లేచి ఒక చుట్టు తిరిగి వచ్చును. దీనికి పట్టునది కొద్ది నిమిషముల పెట్రోలు. ప్రయాణికులు దీనిని చాలకుని అసమర్థత అనుకొందురు. శిక్షకులు మాత్రము శిష్యుడు తనంతట తాను ఇట్లు లేచిపోయిన దినమున సంతోషింతురు.

నీటిపై దిగునప్పుడు

రన్‌వే దిశ మారనందున వచ్చు ఈ చిక్కు నీటిపై చాలవరకు ఉండదు. 2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాటు నుండి శ్రీశైలమునకు ప్రయోగాత్మకముగా ఒక నీటివిమానము నడిచినది. అది డి హావిలాండ్ కెనడా సంస్థవారి ట్విన్ ఆటర్. దోనెలవంటి రెండు తేలుడు సాధనములు అమర్చిన చిన్న విమానము. 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజి వెనుక నిలిచిన నీరు దానికి రన్‌వే అయినది. అట్టి విశాలమైన నీటిపై, పడవలు, తీగలు, ఒడ్డు అడ్డము రానంతవరకు, చాలకుడు గాలికి ఎదురగు దిశను తానే ఎన్నుకొనవచ్చును. గాలిసంచి కూడ అక్కరలేదు. అలల వరుసలు గాలికి అడ్డముగా ఏర్పడి దాని దిశను పైనుండియే చూపును.

అయితే నీటికి దాని చిక్కులు దానికున్నవి. ఇంద్రకీలాద్రి వంటి కొండల దాపున గాలి తిన్నగా వీచదు. సందులలో వేగము పెరుగును, కొండచాటున సుడులు పడును. దిగిన తరువాత బ్రేకులు లేవు. ఇంజను ఆపినచో విమానము గాలిపుంజువలె గాలివైపు తిరిగి వెనుకకు కొట్టుకొనిపోవును. అన్నిటికంటె విచిత్రమైనది, నీటివిమానపు చాలకుడు గాలి బొత్తిగా లేని ఉదయమునకు భయపడును. నీరు అద్దమువలె నిలిచి కొండను, ఆకాశమును ప్రతిఫలించుచున్నప్పుడు నీటిమట్టము ఎంత క్రింద ఉన్నదో కంటికి అంతుపట్టదు. అప్పుడు ఒడ్డును ఆనవాలుగా పెట్టుకొని, ముక్కును కొంచెము ఎత్తి, చాల మెల్లగా దిగుచు నీరు తనంతట తగులువరకు కనిపెట్టుకొని ఉండవలెను. ఒక పాటి గాలి వీచి చిన్న అలలు లేచిన దినము వారికి మంచి దినము.

చిన్న విమానము దిగి, ఇంజను ఆగి, చాలకుడు క్రిందకు దుమికిన తరువాత చేయు మొదటి పని రెక్కలను, తోకను త్రాళ్లతో నేలలోని కొక్కెములకు కట్టుట. నిలిచియున్న విమానముపై 40 నాట్ల గాలి వీచినచో రెక్కలకు అది ఎగురుచున్న వేగమే. కిటీ హాక్‌లో ఆ డిసెంబరు దినమున రైటు సోదరులు నాలుగుసార్లు ఎగిరి, విమానమును నేలపై నిలిపి మాటలాడుకొనుచుండగా ఒక విసురు వచ్చి దానిని దొర్లించి విరుగగొట్టెను. అది మరల ఎగురలేదు.